అంకుల్ థాంక్స్ చెప్పే తీరు

పోయిన నెల బీపీ చూపించుకోవడానికి సర్జరీకి (ఇంగ్లండ్‌లో డాక్టర్ క్లినిక్‌ని అట్లాగే అంటారు) వెళ్ళాను. వెయిటింగ్ రూమ్ గోడకు ఒక పోస్టర్ అంటించి ఉంది. పైన ఉదయించే సూర్యుడు. కింద, రోజూ మీకు జరిగిన ఒక మంచి విషయం తలుచుకోండి, దానికి కారణమైన మనిషికి కృతజ్ఞతలు చెప్పండి, మనసు తేలికపడుతుంది, నిద్ర బాగా పడుతుంది అని రాసి ఉంది. నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగే నవ్వు కాదు. పక్క కుర్చీలో పెద్దావిడ తన హ్యాండ్‌బ్యాగును మెల్లగా అవతలి పక్కకు మార్చుకుంది.

ఆ పోస్టర్ చెప్పిన పనిని ఒక మనిషి ఏళ్ళ తరబడి, డాక్టర్ ఆజ్ఞ మీద, పళ్ళు కొరుకుతూ చేయడం నేను దగ్గరుండి చూశాను.

మిల్టన్ కీన్స్‌లో అంకుల్ అని పిలవదగ్గ తెలుగువాళ్ళు నేను వచ్చేనాటికే చాలామంది ఉండేవాళ్ళు. కానీ పేరేమీ లేకుండా ఉత్త "అంకుల్" అంటే అందరికీ ఆయనే గుర్తొచ్చేవారు. తెనాలి పక్క పల్లె. పాతకాలపు పెద్ద కంప్యూటర్ల మీద పని నేర్చుకుని, ఎనభైల్లోనే ఈ దేశం వచ్చి, ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో స్థిరపడిపోయారు. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ పిచ్చెక్కిపోతాయని లోకమంతా భయపడుతున్న రోజుల్లో నేను కర్నూలు నుంచి వచ్చి ఆయన కింద చేరాను. అందరం కలిసి కిందా మీదా పడి ప్రోగ్రాములు సరిచేశాం. జనవరి ఒకటిన ఏమీ కాలేదు. ఆఫీసంతా సంబరపడుతుంటే ఆయన ఒక్కరే మొహం ముడుచుకుని కూర్చున్నారు.

"చూశావా అబ్బాయ్, ఇంత చేస్తే ఏమీ కాలేదు. ఏదో ఒకటి కాలిపోయుంటే మన విలువ తెలిసేది వెధవలకి."

అదీ ఆయన.

నాకు కారు లేదు. ఆ ఊళ్ళో కారు లేనివాడు బస్‌స్టాప్‌లో నిలబడే ముసలివాడైపోవచ్చు. అందుకని ఆయన రోజూ పొద్దున నన్ను ఎక్కించుకుని, సాయంత్రం దింపేవారు. ఎంత దయ అనుకున్నాను. ఆంటీ నవ్వి అసలు సంగతి చెప్పింది: "దయ కాదు నాయనా, ఆయనకు వినేవాడు కావాలి. విని విని నాకు ఈ పక్క చెవి పోయింది."

ఆయన సణుగుడు మామూలు సణుగుడు కాదు. అందులో ఒక పనితనం ఉండేది. ఊరి నిండా, కూడళ్ళ దగ్గర గుండ్రంగా చుట్టి పోయే రౌండబౌట్లే, ఒక్కోదాన్ని చుట్టినప్పుడల్లా "ఈ ఊరికి ప్లాన్ గీసినవాడు హోటల్లో పెసరట్లు పోసేవాడయ్యా. పెనం మీద చెయ్యి తిప్పినట్టు తిప్పుకుంటూ పోయాడు" అనేవారు. వాష్‌బేసిన్‌కు వేడినీళ్ళ టాప్ ఒక చివర, చన్నీళ్ళది ఇంకో చివర ఉండటం ఆయనకు జీవితాంతం మింగుడు పడలేదు. "ఒకటి కాలుస్తుంది, ఒకటి కొరుకుతుంది. మనిషన్నవాడు మొహం ఎక్కడ కడుక్కోవాలయ్యా? మధ్యలో గోడ మీదా?" ఎండ కాస్తే కంట్లో పడిందని కోపం. మబ్బు పడితే బట్టలు ఆరవని కోపం.

ఆంటీ దీనికి పూర్తిగా తిరగేసిన మనిషి. ఒకసారి జనవరిలో వాళ్ళ బాయిలర్ పాడైంది. నేను వెళ్ళేసరికి అంకుల్ కోటు మీద కోటు వేసుకుని, బాయిలర్ కనిపెట్టినవాడి వంశం మొత్తాన్ని తిడుతున్నారు. ఆంటీ శాలువా కప్పుకుని గ్లాసులో నాకు టీ పోస్తూ "నయమే నాయనా, పాలు ఫ్రిజ్‌లో పెట్టక్కర్లేదు" అంది. ఆమె నోట ఫిర్యాదన్నది వినలేదు నేను. ఆయన ఇద్దరి వాటా వాడేసుకున్నారేమో.

బీపీ సంగతి బయటపడింది ఆ తరువాతే. ఇంగ్లీషు ఆంటీ కంటే ఆయనకే బాగా వచ్చినా, నిజం చెప్పరని డాక్టర్ దగ్గరికి ఆమె వెంట వెళ్ళింది. ఆ రోజు జరిగింది ఆమె నోటే విన్నాను. డాక్టరమ్మ చిన్న పిల్ల. చేతికి మిషన్ పట్టీ కట్టి, మాటల్లో పెడదామని, రోజు మొత్తంలో మీకు సంతోషం కలిగించేది ఏమిటి అని అడిగిందట. ఆయన ఆలోచించి, ముందు మీ కార్ పార్క్ గురించి చెప్పాలి అని మొదలుపెట్టారట. అక్కడి నుంచి అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ చేస్తే వినిపించే సంగీతం, వెయిటింగ్ రూమ్‌లో కుర్చీలు, ఆ కుర్చీల మీద తాతల కాలం నాటి పత్రికలు. "ఆయన ఒక్కో మాట అంటుంటే ఆ మిషన్లో అంకె పైకి పోతోంది నాయనా. డాక్టరమ్మ ఆయన మొహం చూట్టం మానేసి దాన్నే చూస్తోంది."

చివరికి ఆ అమ్మాయి పొద్దున వేసుకోవడానికి ఒక మాత్ర రాసింది. దానితో పాటు ఇంకో మాట చెప్పింది. రోజూ ఒక మంచి సంగతి పైకి అనాలి, దాని వెనక ఉన్న మనిషికి థాంక్స్ చెప్పాలి. మనసులో అనుకుంటే చెల్లదు.

"మాత్ర ఇస్తే మింగుతా. థాంక్స్ ఎట్టా మింగేదే?" అని దారి పొడవునా గొడవ. ఆంటీ ఇంటికి వచ్చాక ఫిల్టర్ కాఫీ డికాక్షన్ గిన్నెను తన చేతిలోకి తీసుకుంది. ఆ రోజు థాంక్స్ చెప్పనిదే సాయంత్రం కాఫీ లేదు. పగలు చెప్పారో లేదో చూడటానికి సాక్షిని నేను.

మొదటి రోజు బాగా గుర్తు. కారెక్కాను. ఒక రౌండబౌట్ దాటింది, ఇంకోటి దాటింది, పెసరట్ల ఊసే లేదు. ఆయన నుదుటి మీద చెమట.

"ఇవాళ..." అన్నారు.

"చెప్పండి అంకుల్."

"ఇవాళ వాన పడలేదు."

"బాగుంది."

"పడలేదంటే ఇప్పటిదాకా. సాయంత్రం చూడు, గోతాలతో దిమ్మరిస్తుంది."

"అంకుల్."

"సరేలేవయ్యా. పడలేదు. అంతే. థాంక్స్." కొంచెం దూరం పోయాక కారు నెమ్మది చేశారు. "ఎవడికి చెప్పాలి మరి? రేడియోలో వాతావరణం చెప్పేవాడికా? వాడు పడుతుందన్నాడు!"

అట్లా మొదలైంది. పట్టుబట్టి చేసేవారు, కాఫీ కోసమే అయినా. కానీ ఆయన నోట్లో పడిన థాంక్స్ బయటికి వచ్చేసరికి దాని ఆకారం మారిపోయేది. ఆఫీసు క్యాంటీన్లో సూప్ పోసే ఆవిడ ముందు నిలబడి, "మీ సూప్ ఇవాళ వేడిగా ఉంది. నిన్న లేదు. మొన్న ఉంది గానీ అది సూప్ కాదు. థాంక్యూ" అన్నారు. ఆవిడ ఫిర్యాదనుకుని భయపడి ఇంకో బ్రెడ్డు ముక్క వేసింది. రోడ్డు మీద ఎవడో దారి ఇస్తే, వాడి వెనకే కార్ పార్క్ దాకా పోయి, అద్దం మీద తట్టి, "ఈ ఊళ్ళో డ్రైవింగ్ వచ్చినవాణ్ణి ఇన్నాళ్ళకు చూశాను" అని చెప్పి వచ్చారు. వాడు కారు దిగకుండా అట్లాగే కూర్చుండిపోయాడు.

వాళ్ళమ్మాయి ఇక్కడే పుట్టింది. అప్పుడు స్కూల్లో చదువుతోంది. తెలుగంతా అర్థమయ్యేది, జవాబు మాత్రం ఇంగ్లీషే. ఒక సాయంత్రం అంకుల్ వంకాయ కూర తింటూ "కారం తగ్గింది, నూనె పెరిగింది, అయినా వంకాయ వంకాయే. చేసినందుకు థాంక్స్" అంటే, ఆ పిల్ల తలెత్తకుండా "డాడ్, దట్స్ నాట్ ఎ థాంక్యూ. దట్స్ ఎ రివ్యూ" అంది.

ఆంటీ మాత్రం కాఫీ ఇచ్చేసింది. "మొదట్లో ఇంతే. నాలిక తిరగాలి కదా" అని.

ఆ నాలిక ఇంకా బాగా తిరగాలని ఆమె ఇంకో పని చేసింది. మా తెలుగు సంఘం ఉగాది పండగ ఏటా ఒక స్కూల్ హాల్లో జరిగేది. చివర్లో వందన సమర్పణ అని ఒకటి ఉంటుంది కదా, ఆ అంశం రాగానే జనం కోట్లు వెతుక్కుంటూ, పిల్లల్ని పిలుచుకుంటూ లేచిపోతారు. ఎవరూ ఒప్పుకోని ఆ పనికి ఆంటీ అంకుల్ పేరు ఇచ్చి వచ్చింది. ఆయన ఇంట్లో నానా గొడవ చేశారు. అయినా ఆ రోజు పట్టు కండువా వేసుకుని మైకు ముందుకు వచ్చారు.

"ముఖ్య అతిథిగారికి ధన్యవాదాలు. పది నిమిషాలు మాట్లాడతానన్నారు. మాట్లాడారు. ఆ తరవాత కూడా మాట్లాడారు."

కోటులోకి చేతులు దూర్చబోయిన వాళ్ళు ఆగారు.

"హాలు ఇచ్చిన స్కూలు వారికి ధన్యవాదాలు. హీటింగ్ కూడా ఇచ్చుంటే ఇంకొన్ని చెప్పేవాణ్ణి. పులిహోర చేసిన ఆడవాళ్ళకు ధన్యవాదాలు. ఉప్పు పక్కావిడ వేసుంటుందని ఎవరికి వారు ఊరుకున్నారు. మజ్జిగలో మాత్రం తలా ఇంత వేశారు. రెండూ కలుపుకుంటే సరిపోయింది, ఆ ముందుచూపుకి నమస్కారం."

హాలంతా ఒకటే నవ్వు. ముఖ్య అతిథి కూడా రుమాలు తీసి కళ్ళు తుడుచుకున్నారు. అంకుల్ మొహంలో మాత్రం నవ్వు లేదు. ఆయన నవ్వించాలని చెప్పడం లేదు, ఉన్నది చెబుతున్నారు.

"పిల్లలు డాన్స్ చేశారు. మధ్యలో టేప్ ఆగిపోయింది. మేమైతే ఏడ్చుకుంటూ అమ్మ దగ్గరికి పరిగెత్తేవాళ్ళం. వీళ్ళు పాట లేకుండానే చివరిదాకా ఆడి, దణ్ణం పెట్టి దిగారు." అక్కడ ఆగారు. కాగితం వెనక్కి ముందుకు తిప్పి చూశారు. "దీంట్లో వంకేం దొరకలేదు నాకు. క్షమించాలి."

ఆ ఏడు నుంచి మా ఉగాదికి వందన సమర్పణ అయ్యేదాకా ఎవరూ కదిలేవాళ్ళు కాదు.

ఇంత సాధన చేసినా, ఆయన జాబితాలోకి ఎన్నటికీ రానివాడు ఒకడు ఉండేవాడు. పక్కింటి దొర. రైల్వేలో చేసి రిటైరైన మనిషి, ఒక్కడే ఉండేవాడు. ఒక బూడిద రంగు పిల్లిని పెంచేవాడు. అంకుల్ పెరట్లో గాజు షెడ్డు వేసి గోంగూర, టొమాటో పెంచుకునేవారు. ఆ పిల్లికి ఊరంతా ఖాళీగా ఉన్నా గోంగూర మడిలోనే పని పడేది. అంకుల్ ఆయన్ని పిల్లి దొర అనేవారు. దొరకేమో అంకుల్ కారు టైరు పేవ్‌మెంట్ మీద పెడతాడని కోపం, పోపు పెడితే తుమ్ములొస్తాయని కోపం. ఇద్దరూ ఏళ్ళ తరబడి ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. చెప్పవలసింది ఏదైనా ఉంటే కంచె దగ్గర ఆంటీకి చెప్పేవాళ్ళు. ఆమె దాన్ని సగానికి తగ్గించి అవతలివాళ్ళకు అందించేది.

"ఆయనక్కూడా ఏదో ఒక రోజు థాంక్స్ చెప్పండీ" అనేది.

"ఎందుకు? ఎరువు వేయిస్తున్నందుకా?"

అమ్మాయి చదువుకని షెఫీల్డ్ వెళ్ళిన ఏడాది, ఫిబ్రవరిలో, గడ్డకట్టే చలి. అంకుల్, నేను ఎప్పట్లాగే ఆఫీసుకు బయల్దేరి వెళ్ళిపోయాం. ఆంటీ చెత్త డబ్బా రోడ్డు మీద పెట్టడానికి బయటికి వచ్చి, కంటికి కనిపించని మంచు మీద కాలు జారి పడిపోయింది. తుంటి ఎముక విరిగింది. లేవలేకపోయింది. గట్టిగా పిలిచే అలవాటు కూడా లేదు ఆమెకు.

దొర కిటికీలోంచి చూశాడు. చూసినవాడు చూసినట్టే, పైజామాతో, ఇంట్లో వేసుకునే స్లిప్పర్లతో పరిగెత్తుకొచ్చాడు. కదిలించకూడదని తెలుసు. మంచం మీది దుప్పటి తెచ్చి కప్పి, అంబులెన్స్‌కు ఫోన్ చేసి, అది వచ్చేదాకా ఆ మంచు మీదే ఆమె పక్కన కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుని, నిద్రపోనివ్వకుండా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాడట. ఏం మాట్లాడాడని తరువాత అడిగితే, "మీ అంకుల్ని తిట్టాడు నాయనా. కారు ఎట్లా పెడతాడో అంతా చెప్పాడు. నొప్పి కాస్త మరిచిపోయాను" అంది ఆంటీ.

ఫోన్ అందుకుని అంకుల్, నేను ఆసుపత్రికి వెళ్ళేసరికి దొర వరండాలో బెంచీ మీద ఉన్నాడు. అంబులెన్స్‌లో తనూ ఎక్కి వచ్చేశాడు. పైజామా మోకాళ్ళ దగ్గర తడిసి ఉంది. స్లిప్పర్ల కుట్లు ఊడిపోయి వేళ్ళు కనిపిస్తున్నాయి. అంకుల్ని చూసి లేచి నిలబడి, "లోపల ఉంది. స్పృహలోనే ఉంది. ఆపరేషన్ చేస్తారట" అన్నాడు. అంకుల్ లోపలికి పరిగెత్తారు. తిరిగి వచ్చి చూస్తే బెంచీ ఖాళీ. అదే వేషంలో బస్సెక్కి ఇంటికి వెళ్ళిపోయాడని రిసెప్షన్లో అమ్మాయి చెప్పింది.

ఆపరేషన్ జరిగినంతసేపు అంకుల్ ఒక్క ఫిర్యాదు చేయలేదు. కుర్చీ గురించీ లేదు, మిషన్ టీ గురించీ లేదు, కార్ పార్క్ గురించీ లేదు. నాకు నిజంగా భయం వేసింది ఆ మౌనానికే. "అంకుల్, ఈ టీ చూడండి, పాచినీళ్ళలా ఉంది" అన్నాను, ఏమైనా అంటారేమోనని. "తాగు నాయనా, వేడిగా ఉందిగా" అన్నారు.

మత్తు దిగాక ఆంటీ కళ్ళు తెరిచి అడిగిన మొదటి మాట, "ఆయనకు థాంక్స్ చెప్పారా?"

"ఎవరికి?"

"పక్కింటాయనకి."

మరునాడు సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని అంకుల్ ఆ గుమ్మం ముందు నిలబడ్డారు. చేతిలో కొత్త స్లిప్పర్ల పెట్టె. కారులో వస్తూ ఇంగ్లీషులో ఒక వాక్యం పదే పదే చెప్పుకున్నారు. వినడానికి బాగానే ఉంది. తలుపు తెరుచుకుంది. దొర, కాళ్ళ దగ్గర పిల్లి. అంకుల్ గొంతు సవరించుకున్నారు. పెదవులు కదిలాయి. వాక్యం రాలేదు. కళ్ళలో నీళ్ళు మాత్రం వచ్చాయి. పెట్టె ముందుకు చాచారు.

దొర పెట్టె తెరిచి, ఒక స్లిప్పర్ తీసి, తన కాలి పక్కన పెట్టి చూసుకున్నాడు. "ఇవి నాకు పట్టవు" అన్నాడు.

"ఆ షాపువాడు అందరికీ పడతాయన్నాడు!" అన్నారు అంకుల్.

"ఏ షాపు? సెంటర్లో ఉన్నదా? వాళ్ళంతా దొంగలు. నాకు పోయిన క్రిస్మస్‌కు రెండూ ఎడమకాలివే అంటగట్టారు."

అంకుల్ మొహంలోకి రంగు తిరిగొచ్చింది. "రెండూ ఎడమవా? నాకు గొడుగు ఇచ్చారు చూడండి, తెరుచుకుంటే మూసుకోదు!"

ఇక ఎవరూ ఆపలేకపోయారు. షాపుల నుంచి రోడ్డు మీద ఉప్పు చల్లని కౌన్సిల్, కౌన్సిల్ నుంచి ఆలస్యంగా వచ్చిన అంబులెన్స్, అక్కడి నుంచి రైళ్ళు, రైళ్ళ గురించి దొరకు లోపలి సంగతులన్నీ తెలుసు. ఒకరు అందుకుంటే ఒకరు పొడిగిస్తున్నారు. నేను చలికి ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుతున్నాను. పిల్లి వచ్చి అంకుల్ బూటు మీద కూర్చుంది. ఆయన గమనించనైనా లేదు.

తిరిగి గేటు దాటాక అడిగాను. "చెప్పారా అంకుల్?"

"ఏందీ?"

"థాంక్స్."

ఆయన ఆగి, నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. "మరి ఇంతసేపు ఏం మాట్లాడానయ్యా వాడితో!"

ఆ మర్నాటి నుంచి వాళ్ళిద్దరూ రోజూ పొద్దున కంచెకు అటూ ఇటూ నిలబడి, ఒకరు కాఫీతో, ఒకరు టీతో, లోకాన్ని దులిపేసేవాళ్ళు. ఆంటీ ఇంటికి వచ్చి, కర్ర పట్టుకుని నడవడం నేర్చుకుంటూ, వంటింటి కిటికీలోంచి వినేది. అది ఆ రోజు థాంక్స్ కింద లెక్కేసుకుని సాయంత్రం కాఫీ ఇచ్చేసేది. బీపీ తగ్గింది. డాక్టరమ్మ తన సలహా ఫలించిందని ఎంతో సంబరపడింది. "ఏది పనిచేసిందో ఆ పిల్లకు చెప్పకండి, పాపం" అంది ఆంటీ.

రెండు వేల ఎనిమిది వసంతంలో ఒక పొద్దున అంకుల్ నిద్రలోనే పోయారు. గుండె. ముందు రోజు సాయంత్రం కూడా నాకు ఫోన్ చేసి, ఆ ఏడు ఎండ మరీ ముందుగా వచ్చిందని విసుక్కున్నారు.

శ్మశానంలో, ఇక్కడి పద్ధతి ప్రకారం, హాల్లో కూర్చున్నాక ఎవరైనా నాలుగు మాటలు చెప్పాలి. మాలో పెద్దవాళ్ళు ఒకరిద్దరు లేచి, మహానుభావుడు, సౌమ్యుడు అన్నారు. సౌమ్యుడన్న మాటకు అమ్మాయి ఏడుస్తూనే నవ్వింది. అప్పుడు వెనక వరసలోంచి దొర లేచాడు. నల్ల కోటు, మెడ దగ్గర బిగుసుకుపోయిన టై.

"ఈయన చేసిన ఒక్క పనీ నాకు నచ్చేది కాదు. కారు వంకరగా పెట్టేవాడు. టొమాటో మొక్కలకు నీళ్ళు పోసి పోసి చంపేవాడు. నా పిల్లిని నోటికొచ్చినట్టు తిడుతూ, నేను చూడనప్పుడు చేప ముక్కలు పెట్టేవాడు. ఇప్పుడది మెట్లెక్కలేదు." చేతులు కోటు జేబుల్లో పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. "రేపు పొద్దున నేను ఎవరితో మాట్లాడాలో నాకు తెలియడం లేదు."

అంతే. కూర్చున్నాడు.

ఆ వారమంతా నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. మర్నాడు పొద్దున సన్నగా వాన పడుతోంది. వంటింటి కిటికీలోంచి చూస్తే, దొర తన పెరట్లో, అలవాటైన చోట, టీ కప్పు పట్టుకుని నిలబడి ఉన్నాడు. కంచె వైపు చూడటం లేదు. పిల్లి అతని కాళ్ళ దగ్గర ఉంది.

ఆంటీ కూడా చూసింది. పొయ్యి కట్టేసింది. కొంగు తల మీద కప్పుకుని, కర్ర అందుకుని, తలుపు తీసుకుని బయటికి వెళ్ళింది. తడిగడ్డి మీద ఒక్కో అడుగే వేసుకుంటూ కంచె దాకా పోయింది. ఏం చెబుతుందోనని నేను గుమ్మంలో నిలబడ్డాను.

పాపం, ఎప్పుడూ చేసిన పని కాదు. ఆకాశం వైపు చూసింది. కర్ర ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. తరువాత తనకొచ్చిన ఇంగ్లీషులో, గట్టిగా అంది.

"ఈ వాన... చాలా తడిగా ఉంది."

దొర తలతిప్పి ఆమె వైపు చూశాడు. వాన చుక్క ఒకటి అతని ముక్కు చివర ఆగి కింద పడింది.

"అవును. నిన్నటి వాన కంటే తడి" అన్నాడు.

"నిన్న కొంచెం నయం" అంది ఆంటీ. ఇంకేమైనా ఉందా అని వెతుక్కుంది. దొరికింది. "ఈ కౌన్సిల్ వాళ్ళు ఏం చేస్తున్నట్టు?"